84 జవాబుల్లో ఇద్దరే అడిగిన ప్రశ్న

ప్రశ్న: నమస్తే మేడమ్. హనుమకొండలో మా అమ్మవాళ్ల ఇంట్లో ఉన్నాను. తొలి కాన్పు, ఆపరేషన్ అయింది. పాపకు ఈరోజుకు 24 రోజులు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, నాలుగో రోజు ఇంటికి పంపేటప్పుడు 2.7, ఇవాళ ఆసుపత్రిలో తూచితే 3.2. రోజుకు ఏడెనిమిది గుడ్డలు తడుపుతుంది. కానీ సాయంత్రం ఆరు నుంచి పది దాకా వదలకుండా తాగుతూ, మధ్యలో ఏడుస్తూనే ఉంటుంది. నా రొమ్ములు మొదట్లోలా బిగువుగా లేవు, మెత్తబడ్డాయి. పంపు పెడితే 30 మిల్లీలీటర్లు కూడా రావట్లేదు. కుడి చనుమొన పగిలింది. అమ్మ 'పాలు చాలట్లేదే' అంటుంది. అత్తమ్మ ఫోన్ చేసినప్పుడల్లా డబ్బాపాలు మొదలుపెట్టమంటుంది. పుట్టిన గంటలో పాలు పట్టలేకపోయానని అదొక బాధ. అర్ధరాత్రి ఫేస్‌బుక్‌లో తల్లుల గ్రూపులో అడిగితే 84 జవాబులు వచ్చాయి, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు. మా ఆయన 'ముందు ఆ ఫోన్ పక్కన పడెయ్' అంటున్నాడు. గ్రూపులోంచి బయటికి వచ్చేయాలా? ఎవరి మాట వినాలి? ఇంకొకటి, నవ్వకండి: కొత్తావకాయ తినొచ్చా?

జవాబు: తల్లీ, నా కూతురి కంటే చిన్నదానివి, 'నువ్వు' అనే రాస్తాను. నీ ఉత్తరం రాత్రి 2.40కి వచ్చింది. వరసలో ముందున్నవాళ్లు ఏమీ అనుకోకూడదు, పచ్చి బాలింత ఉత్తరం వచ్చే నెల దాకా ఆపేది కాదు.

ముందు అసలు సంగతి. నీకు పాలు చాలుతున్నాయి. నిన్ను ఊరడించడానికి అంటున్న మాట కాదిది, నువ్వే రాసిన లెక్క. నాలుగో రోజు 2.7, ఇవాళ 3.2. అంటే ఇరవై రోజుల్లో అరకిలో, రోజుకు 25 గ్రాములు. మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే బిడ్డ బాగా తాగుతున్నట్టే. పుట్టిన కొత్తలో కాస్త తగ్గడం అందరు పిల్లలకూ ఉన్నదే, నీ పాప తగ్గింది ఏడు శాతం లోపు. మొదటి వారం దాటాక రోజుకు ఆరు గుడ్డలకు తక్కువ కాకుండా తడపాలి, నీ పాప ఏడెనిమిది తడుపుతోంది. లోపలికి వెళ్లకుండా బయటికి ఎక్కడినుంచి వస్తుంది చెప్పు?

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు కళ్లజోడు పెట్టుకుని ఒక్కటీ వదలకుండా చదివాను. మెంతులు నానబెట్టుకుని తాగమన్నవాళ్లు, శతావరి పొడి అన్నవాళ్లు, గంటకోసారి పంపు పెట్టమన్నవాళ్లు. ఒకావిడ మాత్ర పేరు, రోజుకెన్ని వేసుకోవాలో కూడా రాసేసింది. ఒక్క సీసా డబ్బాపాలిచ్చినా ఇక అంతే అని బెదిరించినవాళ్ల కిందే, మావాడు డబ్బాపాలతోనే పెరిగాడు, బాగానే ఉన్నాడుగా అన్నవాళ్లు. మధ్యలో పాలు పెరిగే లడ్డూలు, కిలో ఇంత, కొరియర్ ఛార్జీ వేరు. ఇంతమందిలో 'పాప బరువెంత, రోజుకెన్ని గుడ్డలు తడుపుతోంది' అని అడిగింది ఇద్దరే ఇద్దరు. ఆ సందడిలో వాళ్లు నీకు కనపడనేలేదు, జవాబు కూడా ఇవ్వలేదు నువ్వు.

గ్రూపులోంచి బయటికి రావక్కర్లేదు. ఆ ఇద్దరి కోసం ఉండు. పాల విషయంలో ఎవరి మాట వినాలో తేల్చుకోవడానికి నా దగ్గరున్న కొలబద్ద ఇదొక్కటే: చెప్పేముందు అడుగుతున్నారా లేదా. పాల గురించి నాలుగు ముక్కలు తెలిసినవాళ్లెవరూ బిడ్డ వయసు, బరువు, తడి గుడ్డల లెక్క అడగకుండా నోరు తెరవరు. మెంతులతో మొదలుపెట్టారంటే వాళ్లు నీ కథ వినలేదు, తమ కథ చెబుతున్నారు.

ఇక నిన్ను భయపెట్టినవి మూడు. రొమ్ము మెత్తబడడం: కాన్పయిన కొత్తలో ఒంటికి ఎన్ని పాలు కావాలో తెలియదు, వాపుతో కలిసి బిగుస్తుంది. మూడు నాలుగు వారాలకు పాప ఎంత తాగితే అంత తయారుచేయడం నేర్చుకుంటుంది, బిగువు పోతుంది. పోయింది బిగువే, పాలు కాదు. పంపులో 30 మిల్లీలీటర్లు: పంపు ఒక యంత్రం. పాప చప్పరించినప్పుడు, ఒక్కోసారి దాని ఏడుపు వినపడినా చాలు, పాలు చేపుతాయి. మోటారు చప్పుడుకు చేపవు. కడుపు నిండా తాగిన పిల్ల పక్కన పడుకున్నాక పంపు పెట్టి ఏమీ రాలేదని ఏడ్చిన తల్లుల్ని మా వార్డులో ఎంతమందిని చూశానో. సాయంత్రపు ఏడుపు: దాదాపు అందరు పిల్లలూ పొద్దు వాలాక గుక్క గుక్కకీ మారాం చేస్తూ వరసగా తాగుతారు. రెండు మూడు వారాలప్పుడు ఒకసారి, ఆరు వారాల దగ్గర ఇంకోసారి ఇది ఎక్కువవుతుంది. వాళ్లు తాగే కొద్దీ పాలు పెరుగుతాయి. ఆ నాలుగు గంటలూ డబ్బాపాలు పోసి నిద్రపుచ్చితే ఆ మేరకు రొమ్ము మీద అడిగేవాళ్లు తగ్గుతారు, అడగకపోతే అది చేయదు. 'పాలు చాలట్లేదు' అనే మాట చాలా ఇళ్లలో ఇలాగే నిజమవుతుంది.

మరి నీకు సమస్యే లేదా అంటే, ఉంది. 84 మందీ పట్టించుకోనిది, నువ్వూ ఒక ముక్కలో తేల్చేసింది: కుడి చనుమొన పగలడం. పాలివ్వడం నొప్పి కాకూడదు. మొదటి రోజుల్లో కాస్త సలుపు సరే, పగిలిందంటే పట్టు సరిగా లేదు. గ్రూపుల్లో లాచ్ అంటారు చూడు, అదే. ఆపరేషన్ కుట్టు మీద పడకుండా పాపను కాస్త దూరంగా పట్టుకుంటున్నావేమో, అప్పుడు చనుమొన ఒక్కటే నోట్లోకి వెళ్తుంది, చిగుళ్ల మధ్య నలుగుతుంది. ఇలా చేసి చూడు. ఒక దిండు పక్కన పెట్టుకుని పాపను కుడి చంక కిందుగా, కాళ్లు నీ వీపు వైపు పోయేలా పట్టుకో. కుట్టు మీద బరువు పడదు. మెడ కింద అరచెయ్యి పెట్టు, తల వెనక నొక్కకు. పై పెదవికి చనుమొన తాకించి, ఆవలించినట్టు నోరు పెద్దగా తెరిచేదాకా ఆగు. తెరవగానే పాపనే రొమ్ము దగ్గరికి తీసుకురా, నువ్వు ముందుకు వంగకు. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి విరిగి ఉండాలి, చనుమొన చుట్టూ ఉన్న నలుపు పైన ఎక్కువ, కింద తక్కువ కనపడాలి. కాసేపటికి గుటక వినపడుతుంది. నొప్పిగా ఉంటే పళ్లు కొరుక్కుని భరించకు, చిటికెన వేలు పెదవి మూలన దూర్చి పట్టు వదిలించి మళ్లీ పెట్టు. పదిసార్లయినా సరే. పగిలిన చోట నీ పాలే రెండు చుక్కలు రాసి ఆరనివ్వు, సబ్బు పెట్టకు. మూడు నాలుగు రోజుల్లో నొప్పి తగ్గకపోతే ఎవరో ఒకరు దగ్గర కూర్చుని చూడాలి. ఫోన్ చేయలేని పని అదొక్కటే.

గంటలో పాలు పట్టలేదన్న బాధ గురించి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో పుట్టిన గంటలో తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమే. ఆపరేషన్ బల్ల మీద ఉన్న మనిషి బిడ్డను తనంతట తాను ఎలా తెచ్చుకుంటుంది? అది ఆసుపత్రి చేయాల్సిన పని. ఆ లెక్క నీ ఖాతాలో రాసుకోకు.

నిజానికి ఈ గ్రూపులు మన పురిటిగదికి బదులుగా వచ్చినవే. మా అమ్మ కాలంలో బాలింత పక్కన ఐదుగురిని కని పెంచిన మేనత్తో, వీధి చివరి పెద్దమ్మో కూర్చుని, 'తల అలా కాదే, ఇలా పట్టు' అని చెయ్యి పట్టుకుని సరిచేసేది. ఆ గది అన్నీ మంచే చెప్పిందా? ముర్రుపాలు పిండి పారబోయించిందీ ఆ గదే, నాలుక మీద తేనె, వస రాయించిందీ ఆ గదే. గ్రూపులోనూ అంతే, మంచీ చెడూ ఒకే గొంతుతో వస్తాయి. 1956లో అమెరికాలో షికాగో దగ్గర ఫ్రాంక్లిన్ పార్క్ అనే ఊళ్లో ఏడుగురు తల్లులు, డాక్టర్లు సీసాలే గొప్పంటున్న రోజుల్లో, పాలిచ్చే ఆడవాళ్లను కూడగట్టి లా లేచే లీగ్ మొదలుపెట్టారు. పాలిచ్చిన తల్లి ఇంకో తల్లికి చెప్పడం అనే పద్ధతి అక్కడినుంచి ప్రపంచమంతా పాకింది. వాళ్లు చేసిన తెలివైన పని, అనుభవం ఒక్కటే చాలనుకోకుండా చెప్పేవాళ్లకు శిక్షణ పెట్టడం. మన దేశంలో 2013లో మొదలైన బ్రెస్ట్‌ఫీడింగ్ సపోర్ట్ ఫర్ ఇండియన్ మదర్స్ లాంటి పెద్ద ఫేస్‌బుక్ గ్రూపులు నిలబడడానికి కూడా నా లెక్కన కారణం ఇదే, ఎవరో ఒకరు కాపలా ఉండి తప్పుడు సలహాను పక్కన పెట్టడం. నీ గ్రూపులో అడ్మిన్ ఎప్పుడైనా ఒక జవాబును 'ఇది సరికాదు' అని సరిదిద్దిందా, చూడు. లేదంటే అది గ్రూపు కాదు, సంత.

సంత అంటే గుర్తొచ్చింది. మన దేశంలో 1992లో వచ్చి 2003లో మరింత బిగిసిన ఒక చట్టం ఉంది. పాలపొడి, పాలసీసా, రెండేళ్లలోపు పిల్లల ఆహారం, వీటికి ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకు ఉచిత డబ్బాలు పంచకూడదు. 'మీ అడ్రస్ ఇస్తే శాంపిల్ పంపుతాం' అని ఎవరైనా ఇన్‌బాక్సుకు వస్తే అది చట్టానికి విరుద్ధం, అడ్మిన్‌కు చెప్పి బ్లాక్ చెయ్యి. లడ్డూలకు ఆ చట్టం అడ్డు రాదు. నువ్వులు, బెల్లం, శొంఠి ఉన్న లడ్డూ మీ అమ్మే చేస్తుంది, రుచి కోసం తిను.

మాత్ర మాత్రం వద్దు. ఆవిడ రాసింది డోంపెరిడాన్, వాంతులకిచ్చే మందు. పాలు పెరగడానికి డాక్టర్లు కొందరికి రాస్తారు, నిజమే. కానీ గుండె లయ మీద దెబ్బ పడే అవకాశం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే హెచ్చరించింది. నీకు చాలినన్ని పాలుండగా ఆ ప్రమాదం దేనికి? ముందుముందు జ్వరానికో దగ్గుకో మందు రాస్తే పాలలోకి వెళ్తుందా అని గ్రూపును కాదు, డాక్టరును అడుగు. ల్యాక్ట్‌మెడ్ అని ఇంటర్నెట్‌లో మందుల జాబితా ఒకటుంది, ఏ మందు పాలలోకి ఎంత వస్తుందో ఉచితంగా చూపిస్తుంది, డాక్టర్లూ చూసుకుంటారు.

ఇంకొకటి, ఇది నా తప్పు కూడా. రొమ్ములో గడ్డలా తగిలితే గట్టిగా పిసికి కరిగించమని, వేడి కాపడం పెట్టమని మేమే వార్డులో ఏళ్ల తరబడి చెప్పాం. 2022లో అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అనే డాక్టర్ల అంతర్జాతీయ సంఘం మార్గదర్శకాలు మార్చింది: గట్టిగా నొక్కితే లోపలి వాపు ఇంకా పెరుగుతుంది, చల్లటి గుడ్డ వెయ్యాలి, పాప అడిగినప్పుడు మామూలుగా పాలివ్వాలి, ఖాళీ చేయాలని అదేపనిగా పిండకూడదు. నీ గ్రూపులో ఇంకా ఆ గడ్డను దువ్వెనతో దువ్వమంటున్నారు. ఎర్రబడి జ్వరం వస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లు, పాలు మాత్రం ఆపకు.

'వీడియో పంపండి, పట్టు చూసి చెబుతాను' అని ఇన్‌బాక్సులో ఎవరడిగినా పంపకు. ప్రొఫైల్ ఫొటోలో బిడ్డనెత్తుకున్న ఆడమనిషి ఉన్నంత మాత్రాన అవతల ఉన్నది ఆవిడేనని నమ్మకం లేదు. డబ్బిచ్చి వీడియోకాల్‌లో చూపించుకోవాలంటే పేరు, చదువు, రిజిస్ట్రేషన్ బయటపెట్టే సలహాదారును చూసుకో. పేరు పక్కన ఐబీసీఎల్‌సీ అని ఉంటే పాలిచ్చే తల్లులకు సలహాలివ్వడానికి పెట్టే అంతర్జాతీయ పరీక్ష రాసి పాసైనవాళ్లని అర్థం. అలాగే 'నా దగ్గర పాలు మిగులుతున్నాయి, తీసుకెళ్లండి' అనే పోస్టులు. వాళ్ల మనసు మంచిదే, కానీ పరీక్షలు చేయని, వేడిచేసి శుద్ధి చేయని పాలు పాపకు పట్టకూడదు. తల్లిపాల బ్యాంకులున్నవి అందుకే, హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి అనే బ్యాంకు ఉంది. అవి ముఖ్యంగా నెలలు నిండని, జబ్బుతో ఉన్న పసికందుల కోసం. నీకు ఆ అవసరం లేదు.

ఈసారి గ్రూపులో అడిగేటప్పుడు 'పాలు చాలట్లేదు, ఏం చేయాలి' అని రాయకు. నాకు రాసినట్టే రాయి: రోజులు, బరువులు, గుడ్డలు, ఏ వైపు నొప్పి, ఎప్పటినుంచి. ప్రశ్న తిన్నగా ఉంటే జవాబులు సగానికి సగం తగ్గుతాయి, ఉన్నవి పనికొస్తాయి. పేరు కనపడకుండా పోస్ట్ పెట్టే సదుపాయం వాడుకో, అత్తవైపు చుట్టాలు ఏ గ్రూపులో ఉన్నారో ఎవరికి తెలుసు. రాత్రి మూడింటికి పాపను పట్టుకుని కూర్చున్నప్పుడు 'నేనూ మేలుకునే ఉన్నాను' అని ఇంకో ఊళ్లోంచి ఒకమ్మాయి రాస్తుంది చూడు, దాని విలువ నాకు తెలుసు. నేను కన్నప్పుడు నాకది లేదు.

మీ ఆయన మాట సగం నిజం. ఫోన్ పడేయాల్సింది నువ్వు కాదు, 84 జవాబులు చదివి పనికొచ్చే రెండు ఏరి చెప్పాల్సింది తను. గ్రూపులో మగవాళ్లను రానివ్వకపోతే నీ ఫోన్‌లోంచే చదవమను. సాయంత్రం ఆరు నుంచి పది దాకా మధ్యమధ్యలో పాపను భుజాన వేసుకుని తేన్పించడం, నీకు చెంబుడు నీళ్లు అందించడం కూడా అతని పనే. ఊళ్లో ఉంటే సరే, లేకపోతే ఆదివారమైనా.

అమ్మతో వాదించకు. ఫోన్ చూపించి 'ఇదిగో ఇక్కడ రాశారు' అంటే ఏ తల్లీ ఒప్పుకోదు, ఆవిడ నిన్ను పెంచింది. ఒక పని అప్పగించు. గోడ మీద క్యాలెండర్‌లో ఇవాళ్టి గడిలో పాప గుడ్డ తడిపినప్పుడల్లా పెన్సిల్‌తో ఒక గీత గీయమను. మూడు రోజులు ఏడేసి గీతలు తన చేత్తో గీసిన మనిషి 'చాలట్లేదు' అనలేదు. తర్వాత అత్తమ్మకు ఫోన్‌లో చెప్పేది కూడా ఆవిడే, వియ్యపురాలి మాట నీ మాట కంటే బాగా పనిచేస్తుంది. ఇంత ఎండల్లో పాపకు గొంతు తడపమని ఇద్దరూ నీళ్లు పట్టమంటారు. ఆరు నెలలు నిండేదాకా చుక్క నీళ్లు వద్దు, పాలలోనే నీళ్లున్నాయి, దాహమైతే ఇంకోసారి తాగుతుంది. తేనె ఏడాది దాకా వద్దేవద్దు.

కళ్లతో చూసే మనిషి కావాలన్నానుగా. ఇంటింటికి వచ్చే ఆశా కార్యకర్త ఆసుపత్రి కాన్పయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలని నియమం. ప్రైవేటు ఆసుపత్రిలో పురుడు పోసుకుని పుట్టింట్లో ఉంటే చాలాసార్లు ఆమె దాకా కబురే వెళ్లదు. నీకు 28వ రోజు ఇంకా నాలుగు రోజులుంది, మీ వీధి ఆశా ఎవరో అమ్మకు తెలిసే ఉంటుంది, కబురు పెట్టు. పాపను తూచి, పాలు పట్టే తీరు చూడమను. రోజుకు 25 లెక్కన అప్పటికి 3.3 దగ్గర ఉండాలి. తూకాల్లో తేడాలుంటాయి, యాభై గ్రాములు అటూఇటూ అయితే గుండె బాదుకోకు. పాప ఆరుకంటే తక్కువ తడిపినా, పాలకు లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, ఒళ్లు 100.4 డిగ్రీలు దాటినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా పోస్ట్ పెట్టి జవాబు కోసం ఎదురుచూడకు, వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి.

నీ గురించి కూడా ఒక్కమాట. రెండు వారాలు దాటినా ఊరికే ఏడుపొస్తోందా, పాప నిద్రపోతున్నా నీకు నిద్ర పట్టట్లేదా? ఉత్తరంలో రాయలేదు గానీ 2.40కి రాశావు కాబట్టి అడుగుతున్నాను. ఉంటే దాచుకోకు, 14416, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేయడానికి ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ నంబరు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఎప్పుడైనా డాక్టరు తూచి చూసి పైపాలు కావాలంటే ఇవ్వు, తప్పేమీ లేదు, ఏ గ్రూపూ నిన్ను దోషిని చేయడానికి వీల్లేదు. కానీ సీసా కొనకు. మీ అమ్మ అటక మీద వెండి ఉగ్గుగిన్నె తప్పకుండా ఉంటుంది. స్టీలుదైతే ఇంకా మేలు, మరిగించి శుభ్రం చేసుకోవడం తేలిక. మా వార్డులో రొమ్ము పట్టలేని పిల్లలకు అమ్మ పిండిన పాలు అలాంటి గిన్నెతోనే పట్టేవాళ్లం, సీసా అలవాటై రొమ్ము మానే గొడవ తప్పేది.

ఆవకాయ తిను. పాలిచ్చే తల్లి మానాల్సిన కూర, పచ్చడి అంటూ ఏదీ లేదు. కారం పాలలోకి దిగి పాప నోరు మండదు. నీ కడుపుకు పడకపోతేనే తగ్గించు. వేడివేడి అన్నంలో నెయ్యి ఎక్కువ వేసుకుని, కొత్తది కాబట్టి ముక్క కాస్త గట్టిగా ఉంటుంది, పిండి కలుపుకో. పథ్యం పేరుతో నీళ్లు తగ్గించి ఇస్తుంటే మాత్రం ఒప్పుకోకు, పాలివ్వడానికి కూర్చున్నప్పుడల్లా పక్కన చెంబు ఉండాలి.